నేను కొలవని అరగంట

నా ఉద్యోగ జీవితంలో చేసిన తప్పులన్నింటిలోకీ పెద్దది అరగంట పొడవు ఉంటుంది. రోజుకు అరగంటే కదా అని తీసిపారేయకండి. ఆ అరగంట వల్ల కరీంనగర్‌లో ఒక మూడంతస్తుల భవనం అయిదు నెలల పాటు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. నా ఉద్యోగం పోయినంత పనయింది, ఒక పసిప్రాణం మీదికి వచ్చింది. పని రాక చేసిన తప్పయితే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు. ఆ భవనంలో నేను కొలవనిదంటూ లేదు, ఆ అరగంట తప్ప.

మీరు ఇప్పుడు గ్రీన్ బిల్డింగులంటున్నారు. ఏ గదిలో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో కుర్చీలో కూర్చుని తెర మీద చూసుకుంటున్నారు. మంచిదే, నాకేం కుళ్లు లేదు. కొంచెం ఉంది. ఎనభైల్లో మా చేతిలో ఉన్నది ఒక టాంగ్ టెస్టర్. పట్టకారులాంటి దాని మూతి తెరిచి తీగ చుట్టూ బిగిస్తే ఎంత కరెంటు పోతోందో ముల్లు చూపిస్తుంది. దానితో, ఒక నోటుబుక్కుతో, నా మొండితనంతో ఒక భవనాన్ని దారికి తేవాలనుకున్నాను. మొండితనం పనికొచ్చిన మాట నిజం. కాకపోతే దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియడానికే చాలా రోజులు పట్టింది.

మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. ఐటీఐ చదివి, ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లులో తొమ్మిదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. నాకు పని నేర్పింది అక్కడి పెద్ద మిస్త్రీ. మరాఠీ ఆయన. పొద్దు గూకగానే "దివేలాగణ్ అయింది, పానా కింద పెట్టు" అనేవాడు. దీపాలు పెట్టే వేళ అని దానర్థం. ఆ వేళకు పనిముట్టు చేతిలో ఉండకూడదని ఆయన పట్టింపు. మోటారుకు ఊదుబత్తి తిప్పాలి, షెడ్డులో దీపాలన్నీ వేయాలి, దండం పెట్టుకోవాలి, చాయ్ తాగాలి, ఆ తర్వాతే మళ్లీ పని. ఆయన దగ్గర తొమ్మిదేళ్లున్నాక ఆ అలవాటు నా ఒంట్లోకి దిగిపోయింది. సాయంత్రమైతే నా చేయి దానంతటదే స్క్రూడ్రైవరు వదిలేసేది.

కరీంనగర్‌లో నాకు దొరికింది సూపర్‌వైజరు ఉద్యోగం. బస్టాండు దారిలో కొత్తగా కట్టిన భవనం. నడుమ నాపరాళ్ల వాకిలి, చుట్టూ కింద పద్నాలుగు దుకాణాలు, మొదటి అంతస్తులో నాలుగు ఆఫీసులూ ఒక టైపు ఇన్‌స్టిట్యూటూ. పై అంతస్తు మొత్తం ఒక డాక్టరమ్మ నర్సింగ్ హోమ్. కాన్పుల డాక్టరు కాబట్టి ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని కూడా వచ్చేవారు. భవనం ఓనరు హైదరాబాద్‌లో ఉండేవాడు, నెలకోసారి వచ్చి గోడలు తట్టి చూసుకుని పోయేవాడు. మెట్ల కింద మీటర్ల గది నా రాజ్యం. ఆ రాజ్యానికి ప్రజ ఒక్కడే, మా వైర్‌మన్.

వానాకాలం మొదట్లో సాయంత్రాలు మెయిన్ ఫ్యూజు పోవడం మొదలైంది. వారానికి రెండు సార్లో మూడు సార్లో పోయేది. ఫ్యూజు పోతే భవనమంతా చీకటి. తీగ మార్చి మళ్లీ కరెంటు ఇచ్చేసరికి ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంట. భవనానికి ఉన్నది ఒకే ట్రాన్స్‌ఫార్మర్. అది మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు లాగుతున్నామని, అందుకే ఫ్యూజు పోతోందని మొదటి రోజే అర్థమైంది. ఎవరు లాగుతున్నారన్నదే తెలియలేదు.

కరెంటు ఆఫీసులో ఇంజనీరు దగ్గరికి పోయి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అడిగాను. ఆయన నా దరఖాస్తు చదివి, పక్కనే ఉన్న దరఖాస్తుల దొంతర మీద పెట్టాడు. రైతుల మోటార్లకే లేవు, నీ దుకాణాలకు ఎక్కడి నుంచి తెచ్చేది అన్నాడు. ఉన్నది కాలిపోతే మాత్రం నెలల తరబడి చీకట్లో ఉంటారు, ఆ పాపం నాది కాదు, లోడు తగ్గించుకోండి అని కూడా అన్నాడు. నాకు కోపమొచ్చింది. బయటికి వచ్చి సైకిలు తాళం తీస్తూనే నిర్ణయించుకున్నాను, తగ్గించే చూపిస్తానని.

మరుసటి రోజు నుంచి టాంగ్ టెస్టర్ పట్టుకుని దుకాణం దుకాణం తిరిగాను. పొద్దున పదకొండుకు ఒకసారి, మధ్యాహ్నం మూడుకు ఒకసారి. దుకాణదార్లు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. నేను మాత్రం ఎక్కడా వదల్లేదు. కట్టినాయన తెలివైనవాడు. ప్రతి దుకాణానికీ వాకిలి వైపు ఎత్తులో పెద్ద వెంటిలేటర్లు పెట్టాడు, వెలుతురూ గాలీ చక్కగా వచ్చేలా. మనవాళ్లు వాటి మీద సైన్‌బోర్డులు బిగించి, లోపల పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుని, ఉక్కపోస్తోందని ఇంకో ఫ్యాను తెచ్చుకున్నారు. పైన నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు నడుస్తూనే ఉండేది. నర్సింగ్ హోమ్ కప్పు ఎండకు పెనంలా కాలి, రోగులకు రాత్రి కూడా కూలర్లు కావలసి వచ్చేది.

ఆ రెండు నెలలు నేను చేసిన పనికి నాకిప్పటికీ గర్వమే. బోర్డులన్నీ వెంటిలేటర్ల మీద నుంచి కిందికి దింపించాను. ట్యాంకులో తేలే బంతి పెట్టి మోటారు దానంతటదే ఆగేలా చేశాను. కప్పు మీద మూడు పొరలు సున్నం కొట్టించాను. ఒక్క బట్టల దుకాణం పటేలు మాత్రం తన బోర్డు ముట్టుకోవద్దన్నాడు. పల్లెలో భూములున్న ఇంటి మనిషి, నలభై ఏళ్లుగా బట్టల వ్యాపారంలో ఉన్నాడు, వాకిలికి ఒక వైపంతా ఆయన దుకాణమే. ఆయన పెళ్లికి పోయిన రోజు చూసి నేనే బోర్డు దింపించాను. తిరిగొచ్చి చూసి ఒక్క మాటా అనలేదు. అప్పుడే నాకు భయం వేయాల్సింది. వేయలేదు.

మీటరు బాగా తగ్గింది. ఓనరు భుజం తట్టాడు. నేను మీసం సవరించుకున్నాను. ఆ సాయంత్రమే ఫ్యూజు పోయింది.

పోవడమే కాదు, రానురాను ఇంకా ముందుగా పోసాగింది. ఫ్యూజు పోయిన ప్రతిసారీ టైము నోటుబుక్కులో రాసేవాణ్ణి. మృగశిర కార్తెలో ఏడు గంటలకు పోయేది, వినాయక చవితి నాటికి ఆరున్నర దాటగానే, దసరాకు ఆరు. ట్రాన్స్‌ఫార్మర్ ఓపిక రోజురోజుకూ తగ్గుతోందని, మనిషికి చివరి రోజులొచ్చినట్టు దానికీ వచ్చాయని అనుకున్నాను. ఇంకా పొదుపు చేయాలని పంతం పెరిగింది. మెట్ల మీద బల్బులు కూడా పీకించి చిన్నవి పెట్టించాను. డాక్టరమ్మ జారిపడబోయి నన్ను తిట్టింది.

దసరా తర్వాత మూడో రోజు ఆ డాక్టరమ్మే నన్ను పైకి పిలిచింది. లోపలి గదిలో బల్ల మీద ఒక చెక్కపెట్టె ఉంది. మూతకు అద్దం, లోపల పక్కలకు రెండు బల్బులు. నడుమ దూదిలో ఒక ఆడపిల్ల. ఏడో నెలలో పుట్టిందట. పిల్ల అంటే మీరు ఏదో ఊహించుకుంటారు. అంత కూడా లేదు. తండ్రి మస్కట్‌లో కూలి పని చేస్తున్నాడు, పిల్ల పుట్టిన సంగతి ఉత్తరం అందితే గానీ తెలియదు. తల్లికి ఇంకా జ్వరం తగ్గలేదు. నాయనమ్మ పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఒక చేయి చెక్క మీద పెట్టుకుని ఉంది, వేడి తగ్గుతోందేమో అరచేతితో చూసుకుంటూ.

"గీ పిల్లకు మందు ఆ రెండు బల్బులే," అంది డాక్టరమ్మ. "గవర్నమెంటోళ్ల కోత ముందుగాల తెలుస్తది, వేడినీళ్ల సీసాలు పెట్టుకుంటం. నీ ఫ్యూజు ఎప్పుడు పోతదో దేవునికి గూడ తెల్వది. ఇంకొక నెల నాకు కరెంటు నిలబెట్టు. తర్వాత నువ్వు గీ బిల్డింగు కూలగొట్టుకున్నా అడుగ."

నేను సరే అన్నాను.  అంతవరకూ నా పోరాటం ఆ ఇంజనీరుతో, దుకాణదార్లతో, నా పరువుతో. అది ఒక చెక్కపెట్టె దాకా పోయి ఆగుతుందని నాకు తట్టలేదు.

ఆ వారంలో ఒక సాయంత్రం ఫ్యూజు పోలేదు, తర్వాతి రోజూ పోలేదు. సంతోషపడి పైకి పోయి డాక్టరమ్మకు చెప్పి వచ్చాను కూడా. మూడో రోజు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నడుస్తుంటే కాగిన నూనె వాసన వచ్చింది. ఫ్యూజు తీసి చూస్తే తీగ రెండు పోగులు. మా వైర్‌మన్ నా బాధ చూడలేక వేశాడట. ఫ్యూజు పోకుండా బలంగా చేస్తే కాలేది ట్రాన్స్‌ఫార్మరే. వాణ్ణి తిట్టి, ఒక పోగు తీసేశాను. ఆ సాయంత్రం మళ్లీ చీకటి. పైన నర్సు వేడినీళ్ల కోసం పరుగెత్తడం కింది దాకా వినబడింది.

మెట్ల పక్కన ఒక చిన్న గదిలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. అందరం చాచా అనేవాళ్లం. మరునాడు పొద్దున నా చేతి గడియారం ఆయన ముందు పెట్టి, ఇది సరిగా నడుస్తోందో లేదో చూడమన్నాను. నేను రాసుకున్న టైములే తప్పేమోనని నా చివరి ఆశ. చాచా గడియారం చెవి దగ్గర పెట్టుకుని బాగానే ఉందన్నాడు. ఎందుకు అడుగుతున్నావంటే నోటుబుక్కు చూపించాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకునే ఆ పేజీ అంతా వేలితో చదివాడు.

"గీ టైములు నాకు ఎరుకే బేటా," అన్నాడు.

బల్ల అద్దం కింద నుంచి ఒక అట్టముక్క తీశాడు. మసీదులో పంచిన నమాజు వేళల కార్డు. సాయంత్రం నమాజు పొద్దు గూకిన వెంటనే కాబట్టి ఆ వేళ రోజూ కాస్త కాస్త మారుతుంది. కార్డునూ నా నోటుబుక్కునూ పక్కపక్కన పెట్టాడు. కార్డులో ఉన్న ప్రతి వేళకూ నాలుగైదు నిమిషాల తర్వాత నా ఫ్యూజు పోయింది. జూన్‌లోనూ అంతే, దసరాకూ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ బలహీనపడలేదు. పొద్దే ముందుగా గూకుతోంది.

"అజాన్ ఇనవడంగనే నేను నా ఒక్క బల్బు బంద్ జేసి మసీదుకు పోత," అన్నాడు చాచా. "నేను గేటు దాటుతుంటె మీరందరు ఉన్న లైట్లన్ని ఏస్తరు. దుకాన్లు దులిపి, ఊదు తిప్పి, మూలకున్న బల్బు గూడ ఇడ్వరు. నీ రూములో నువ్వు గూడ ఏస్తవ్. నేను రోజు జూస్తుంట."

నా ముఖం ఎలా మారి ఉంటుందో మీరే ఊహించుకోండి. సందె దీపం వేళ ఏ దుకాణంలోనూ ఒక్క మూల చీకటిగా ఉండకూడదు, ఉంటే లక్ష్మి గడప దాటి రాదు. పద్నాలుగు దుకాణాలు ఒకేసారి షోకేసుల దీపాలతో సహా అన్నీ వేసి, ఒక అరగంట ఉంచి, గిరాకీ లేని వైపువి ఆర్పేసేవి. అదే అరగంటలో పైన ఆఫీసులు ఇంకా మూయలేదు, టైపు ఇన్‌స్టిట్యూటులో చివరి బ్యాచి ఉంది, ట్యాంకు మోటారు నడుస్తోంది, నర్సింగ్ హోమ్‌లో కత్తెరలు మరగబెట్టే హీటరు పెట్టారు. నేను పదకొండుకు కొలిచాను, మూడుకు కొలిచాను. సందె వేళకు మాత్రం టాంగ్ టెస్టర్ పెట్టెలో పెట్టి, నా గదిలో దీపాలన్నీ వేసి, మీటర్లకు ఊదుబత్తి తిప్పుతూ నిలబడ్డాను. అయిదు నెలలు దొంగ నా కళ్ల ముందు రోజూ అదే వేళకు వచ్చిపోయాడు, నేనేమో కళ్లు మూసుకుని దండం పెడుతున్నాను.

ఆ సాయంత్రం మొదటిసారి సందె వేళ పనిముట్టు పట్టుకున్నాను. చేతికి అదేదో తప్పు చేస్తున్నట్టే ఉంది. అజాన్ వినబడింది. ముల్లు యాభై ఆంపియర్ల దగ్గర ఉన్నది లేచి లేచి నూట పది దాటింది. నూరు దాటితే ప్రమాదమని అద్దం మీద నేను గీసుకున్న ఎర్ర గీత దాని వెనక్కి పోయింది.

ఇక్కడ నేను బుద్ధిమంతుడిలా ప్రవర్తించానని రాసుకుంటే బాగుండేది. జవాబు దొరికిందన్న పొగరు నెత్తికెక్కింది. మరుసటి సాయంత్రం అజాన్ వినగానే పటేలు దుకాణం ఫ్యూజు, ఇంకో మూడు పెద్ద దుకాణాల ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాను. అరగంట తర్వాత మళ్లీ పెడదామని. పైన పెట్టెలో బల్బులు ఆగకుండా వెలిగాయి. కింద ఊదుబత్తి చేతిలో పట్టుకుని పటేలు చీకట్లో నిలబడ్డాడు. పెళ్లి బట్టలు తీస్తున్న కుటుంబం అపశకునమని లేచిపోయిందట.

ఆయన మీటర్ల గదికి నడిచి వచ్చాడు. అరవలేదు. "దీపం పెట్టే యాళ్లకు నా గడపల చీకటి జేసినవ్. మొన్న బోర్డు దింపినవ్, ఊకున్న. ఇది మా అవ్వ నేర్పిన ఆచారం. నీ మీటరు కంటె ముందుగాల పుట్టింది," అన్నాడు. వెంటనే ఓనరుకు ఫోను చేశాడు. ఇంకోసారి ఇలా జరిగితే వేరే ఉద్యోగం చూసుకోమని ఓనరు నాతో అన్నాడు. నాకు దుఃఖమూ వచ్చింది, కోపమూ వచ్చింది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున మాత్రం ఒకటి ఒప్పుకున్నాను. బోర్డు ఆయన లేనప్పుడు దింపాను, దీపం ఆయన్ని అడగకుండా ఆర్పాను. అడగడం అనేది నా నోటుబుక్కులో ఎక్కడా లేదు.

దీపావళి తొమ్మిది రోజుల్లో ఉంది. మామూలు సందెకే నూట పది అయితే దీపావళికి ఎంత అవుతుందో కొలవనక్కర్లేదు. రెండు పోగులప్పుడు నూనె కాగిన ఆ ట్రాన్స్‌ఫార్మరే ఈసారి ఫ్యూజు కంటే ముందు పోతుంది. పోతే నర్సింగ్ హోమ్ మూసుకోవాలి. ఆ పిల్లను అక్కడి నుంచి కదిలించడానికి లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఈసారి నా నుంచి మొదలుపెట్టాను. మీటర్ల గదిలో సందెకు ఒక నూనె దీపం, అంతే. ట్యాంకు మోటారును మధ్యాహ్నానికి మార్చాను. డాక్టరమ్మ హీటరును నాలుగింటికే పెట్టిస్తానంది. టైపు ఇన్‌స్టిట్యూటు మాస్టారు కిటికీ వైపు బల్లలు జరిపించి, పొద్దు గూకేలోగానే చివరి బ్యాచి వదిలేస్తానన్నాడు. తర్వాత దుకాణాలకు పోయాను. ఫ్యూజులు కాదు, మాటలు పట్టుకుని. సందె దీపం ఆపమని నేను అడగలేదు. గడప దగ్గర నూనె దీపం పెట్టండి, లోపల ఒక్క ట్యూబులైటు వేయండి, ఊదు తిప్పండి. మిగతావి మాత్రం చాచా నమాజు నుంచి తిరిగొచ్చి తన బల్బు వేసేదాకా ఆగండి. అంతలో పైన ఆఫీసులు మూస్తారు, లోడు దిగిపోతుంది. గడియారం చూడక్కర్లేదు, చాచా గదిలో వెలుగు చూస్తే చాలు.

గిన్నెల దుకాణం ఆయన నవ్వి, చాచా ఆలస్యం చేస్తే మా లక్ష్మి బయట నిలబడాలా అన్నాడు. చాచా ఇంకో మూల నుంచి, "నా గడియారాలు తప్పుతయి గని నేను తప్ప," అన్నాడు. పదముగ్గురు ఒప్పుకున్నారు. పటేలు దగ్గరికి చివర పోయి ముందు క్షమించమన్నాను. తర్వాత సంగతి చెప్పాను. ఆయన బట్ట మడతపెడుతూ అంతా విన్నాడు. ఔననలేదు, కాదనలేదు. ఆయన ఒక్కడి లోడే మిగతా దుకాణాలన్నిటి లోడులో సగం ఉంటుంది.

దీపావళి రోజు మధ్యాహ్నం పటేలు దుకాణం ముందు నాలుగు ఫోకస్ లైట్లు దిగాయి, కిరాయివి. రంగు బల్బుల దండలు గోడంతా వేలాడదీశారు. నేను చూసి మీటర్ల గదిలోకి పోయి కూర్చున్నాను.  పైన డాక్టరమ్మకు చెప్పి సీసాలకు వేడినీళ్లు సిద్ధం చేయించాను. ఆ నీళ్లు గంటకో రెండు గంటలకో చల్లారతాయి, నెలలు కాయవు. అది ఆమెకూ తెలుసు.

అజాన్ వినబడింది. చాచా బల్బు ఆర్పి వెళ్లిపోయాడు. దుకాణాల గడపల్లో నూనె దీపాలు వరసగా వెలిగాయి, ఒక్కో దుకాణంలో ఒక్కో ట్యూబులైటు. ముల్లు నలభై మీద నిలబడింది. అప్పుడు పటేలు వైపు నుంచి తెల్లటి వెలుగు వాకిలంతా పడింది. ఫోకస్ లైట్లు, షోకేసులు, దండలు అన్నీ ఒకేసారి. ముల్లు ఎనభై దాటింది. అది చూసిన గిన్నెల దుకాణం ఆయన, పటేలు వేసుకుంటే మనం ఎందుకు ఆగాలని తన దండలూ వేశాడు. పక్కన ఇంకొకరు. తొంభై. తొంభై నాలుగు.

పటేలు ఫ్యూజు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాని మీద చేయి వేశాను కూడా. పీకితే ఆ పూటకు గెలుస్తాను, రేపటి సందెకు పద్నాలుగు మందీ నా మీద పంతానికి అన్ని దీపాలూ వేస్తారు. టాంగ్ టెస్టర్ వైర్‌మన్ చేతికిచ్చి, నేను చెప్పిపంపేదాకా ఏదీ ముట్టుకోవద్దని చెప్పి బయటికి నడిచాను.

పటేలు దుకాణంలో పూజ జరుగుతోంది. గడప బయట చెప్పులు వదిలి ఒక పక్కన నిలబడ్డాను.  హారతి అయ్యేదాకా ఆయన నా వైపు చూడలేదు. పళ్లెం కింద పెట్టి, కళ్లకద్దుకుని, అప్పుడు చూశాడు.

"ఎంత జూపిస్తుంది నీ ముల్లు?" అని అడిగాడు.

"తొంభై ఆరు దాకా పోయి ఉంటది పటేలా. నూరు దాటితె నాది జిమ్మెదారి కాదు."

ఆయన చేతికి అంటిన కుంకుమ తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"పొద్దుగాల పైనుంచి గా పిల్ల నాయనమ్మ కిందికొచ్చింది," అన్నాడు. "పండుగకు పిల్లకు కొత్త బట్ట కప్పాలె, మెత్తది పావు గజం ఇయ్యమన్నది. పావు గజం దేనికొస్తది అవ్వా, పిల్ల పొడుగెంతుంటది అని అడిగిన. చెయ్యి సాపి, గిదో గింత అని జానెడు జూపెట్టింది. నలభై ఏండ్ల సంది బట్ట కోస్తున్న. పావు గజం మనిషిని నేను ఎన్నడు జూడలే. పొద్దటి సంది గదే తిరుగుతుంది మనసుల. అయినా పంతం, అడిగింది బోర్డు దింపినోడే గద అని."

లేచి స్విచ్చుల దగ్గరికి తానే పోయాడు. ఫోకస్ లైట్లు ఆర్పాడు. దండలు ఆర్పాడు. షోకేసువి ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వచ్చాడు. చివరికి లోపలి ట్యూబులైటు కూడా ఆర్పేశాడు. అది ఉంచొచ్చు పటేలా అన్నాను. గడప దగ్గర నూనె దీపం వైపు చూపించి, అదున్నది గద, సాలు అన్నాడు. వాకిలికి ఒక వైపంతా ఉన్నట్టుండి చీకటి పడేసరికి మిగతా దుకాణాలవాళ్లు ఏమైందోనని బయటికి వచ్చారు. పటేలు తన చేత్తో ఆర్పాడని తెలిసి గిన్నెల దుకాణం ఆయన లోపలికి పోయాడు. ఆయన దండలూ ట్యూబులైటూ ఆరిపోయాయి, ఆ వెనకే మిగతా దుకాణాలవీ. మీటర్ల గది నుంచి వైర్‌మన్ ముప్పై ఎనిమిది అని కేకేసి చెప్పాడు.

అందరం వాకిట్లోనే నిలబడిపోయాం. గడపల్లో పద్నాలుగు నూనె దీపాలు తప్ప కింద వెలుగు లేదు. అప్పుడు పైన, రెండో అంతస్తులో మూలకున్న కిటికీ కనబడింది. పసుప్పచ్చగా, చిన్నగా. రెండు బల్బుల వెలుగు. ఇన్ని రోజులూ అది అక్కడే ఉంది, కింద మా వెలుగులో ఎవరికీ కనబడలేదు. కిటికీ దగ్గర ముసలామె నీడ ఒకసారి కదిలింది. పటేలు తలెత్తి చూస్తున్నాడు.  నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, చీకటి కాబట్టి బతికిపోయాను.

గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినబడింది. చాచా నమాజు నుంచి వచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం గబగబా తన గదికి పోయి స్విచ్చు మీద చేయి పెట్టాడు. ఆయన బల్బు వేస్తే అందరూ వేసుకోవచ్చు, మేం చేసుకున్న ఒప్పందం అదే.

"జర ఆగు చాచా," అన్నాడు పటేలు, చూపు ఆ కిటికీ మీద నుంచి దించకుండా. "ఇంకింత సేపు గిట్లనే ఉండనియ్యి."